అటక మీది తొక్కుడు కుట్టుమిషను పట్టేసింది: నడిపించాలా, టేబులు చేయాలా?

మీరు అడిగింది ఇది. అమ్మమ్మగారి నల్ల తొక్కుడు మిషను ఇరవై ఏళ్ళుగా అటక మీదే ఉంది. దించి చూస్తే చక్రం కదలడం లేదు. మెకానిక్ "లోపలంతా తుప్పు, ఇనుము ధరకు ఇచ్చేయండి" అన్నారు. ఇంట్లోవాళ్ళు కొబ్బరి నూనె పోసి చూద్దామంటున్నారు. నడిస్తే మోటారు పెట్టాలని, నడవకపోతే స్టాండు మీద గ్రానైటు వేసి టేబులు చేయాలని మీ ఆలోచన.

సూటిగా చెప్తాను. మిషను నడిచే అవకాశమే ఎక్కువ. కొబ్బరి నూనె పోయొద్దు. మోటారు సంగతి ఇప్పుడే తేల్చొద్దు. టేబులు చేయాలన్నా తల భాగాన్ని, అంటే బల్ల పైనుండే కుట్టే యంత్రాన్ని, కోయకుండా, రంధ్రాలు వేయకుండా చేయొచ్చు.

ఇంట్లో పొడిగా ఉన్న చోట పెట్టిన మిషను పట్టేసిందంటే చాలావరకు కారణం తుప్పు కాదు, పాత నూనె. మన ఇళ్ళలో మిషనులో కొబ్బరి నూనో, ఆముదమో, వంట నూనో పోసే అలవాటు ఉండేది. అవి గాలి తగిలి ఏళ్ళ తరబడి చిక్కబడి, దారపు పీచుతో కలిసి లక్కలా గట్టిపడతాయి. గొడ్డలి కూడా తీయలేనంత గట్టిగా ఇరుసులను అంటుకుంటాయి కానీ, సరైన ద్రవం తగిలితే కరిగిపోతాయి. బయట రేకుల మీద కనిపించే ఎర్రటి తుప్పును చూసి లోపల కూడా అదే ఉందనుకోవద్దు. లోపలి ఇరుసులను ఆ మడ్డే ఇన్నాళ్ళూ తుప్పు నుంచి కాపాడి ఉంటుంది. నీళ్ళలో మునిగినవి, వరదకు తడిసినవి, పెంకుటింట్లో కారిన చోట ఉన్నవి మాత్రం వేరే లెక్క.

ముందు ఏది పట్టేసిందో కనుక్కోండి

చక్రాన్ని రెండు చేతులతో బలంగా తిప్పకండి. పైపు తొడిగి తిప్పడం, సుత్తితో కొట్టడం అసలు చేయొద్దు. ఈ తలలు పోత ఇనుముతో చేసినవి, దెబ్బకు వంగవు, విరుగుతాయి.

చక్రం మధ్యలో గుండ్రటి నాబు ఉంటుంది. బాబిన్‌కు, అంటే కింది దారం ఉండే చిన్న ఉండకు, దారం చుట్టేటప్పుడు సూది ఆడకుండా దాన్నే వదులు చేస్తారు. ఎడమచేత్తో చక్రం పట్టుకుని నాబును మీ వైపుకు తిప్పి వదులు చేయండి. అప్పుడు చక్రం ఒక్కటే తిరిగిందంటే, పట్టేసింది లోపలి యంత్రం. నాబు వదులైనా చక్రం కూడా తిరగలేదంటే, చక్రమే ఇరుసు మీద అంటుకుంది. ఇది తేలిక, ఇరుసు సందులో కిరసనాయిలు నాలుగు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు వస్తుంది. ఈ ఒక్క పరీక్షతో సగం పని తెలిసిపోతుంది.

తర్వాత సూది తీసేయండి. గుడ్డను నొక్కి పట్టే పాదం తీసేయండి. గుడ్డను జరిపే పళ్ళ పైనుండే పలక తీయండి, రెండు స్క్రూలు ఉంటాయి. బాబిన్ కేసు బయటికి తీయండి. షటిల్ (పై దారాన్ని పట్టి కింది దారంతో ముడివేసే భాగం) చుట్టూ దారం చిక్కుకుని ఉందేమో టార్చి వేసి చూడండి. చక్రానికీ తలకూ మధ్య సందులో కూడా చూడండి, బాబిన్ చుట్టేటప్పుడు జారిన దారం అక్కడ చుట్టుకుని బిగిసిపోతుంది. "పూర్తిగా తుప్పు" అని తేల్చిన మిషన్లలో కొన్ని అర మూర దారం లాగగానే తిరిగినవి ఉంటాయి.

గుండ్రటి బాబిన్ ఉండే రకాల్లో, అంటే ఉషా, మెరిట్, లుధియానాలో తయారైన చాలా మిషన్లు, సింగర్ 15 తరహావి, షటిల్‌ను పట్టి ఉంచే రింగుకు పక్కల చిన్న కొక్కేలుంటాయి. కొన్ని పాతవాటిలో కొక్కేల బదులు స్క్రూలుంటాయి. సూది కడ్డీ పైన ఉన్నప్పుడే వాటిని తీయాలి. మీది కదలడం లేదు కాబట్టి ఉన్న స్థితిలో తేలిగ్గా వస్తే తీయండి, రాకపోతే తర్వాత చూద్దాం. తీసే ప్రతి భాగానికీ ముందు ఫోను కెమెరాతో ఫోటో తీసుకోండి. షటిల్ ఏ వైపు తిరిగి ఉందో తిరిగి బిగించేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

కరిగించడం

కావలసినవి: కిరసనాయిలు పావు లీటరు, కుట్టుమిషను నూనె 100 మి.లీ. సీసా, సూది లేని సిరంజి ఒకటి, పాత టూత్ బ్రష్షులు రెండు, పాత బనియన్ గుడ్డ, వెదురు పుల్లలు. కిరసనాయిలు ఇప్పుడు చాలా ఊళ్ళలో దొరకడం లేదు. పెయింట్ల కొట్లో అమ్మే మినరల్ టర్పెంటైన్ దాని పని చేస్తుంది. బిగిసిన మరలు వదులు చేసే స్ప్రే, డబ్ల్యూడీ-40 డబ్బా కూడా పనికొస్తుంది, కానీ అది కరిగించడానికే. ఆరాక దాని మీదే మిషను నడపకూడదు, దానికి నూనె చేసే పని చేతకాదు. పెట్రోలు వద్దు, దాని ఆవిరికి నిప్పు అంటుకోవడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ విషయంలో కాస్త పట్టింపుగా ఉండండి. పాత స్క్రూల గాడి సన్నగా, లోతుగా ఉంటుంది. మొన వంకరగా, పలచగా ఉన్న స్క్రూడ్రైవర్ పెడితే గాడి చిరిగిపోతుంది. గాడిలో నిండుగా కూర్చునే మొన ఉన్నది ఎంచుకోండి. బిగిసిన స్క్రూకు కరిగించే ద్రవం వేసి రాత్రంతా వదిలి, పొద్దున మొదట బిగించే వైపు ఓ వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పండి. ఇంకో సంగతి. ఈ తలల స్క్రూలు మామూలు మెట్రిక్ మరలు కావు, వాటి మర లెక్క ప్రత్యేకం. పోయిన స్క్రూకు బదులు హార్డ్‌వేర్ కొట్టు స్క్రూ బలవంతంగా బిగిస్తే రంధ్రం మర చెడిపోతుంది. దర్జీల సామాను అమ్మే కొట్లో పాత స్క్రూ చూపించి తీసుకోండి.

తల చేయి, అంటే పైన అడ్డంగా ఉండే భాగం, మీద నాలుగైదు నూనె రంధ్రాలు కనిపిస్తాయి. వెనక గుండ్రటి మూత ఒకటి ఉంటుంది, ఒక స్క్రూ మీద పక్కకు జరుగుతుంది. ఎడమ చివర నిలువు రేకు మూత ఉంటుంది, దాని వెనక సూది కడ్డీ, పాదం కడ్డీ, దారం లాగే లివర్ ఉంటాయి. తలను కీలు మీద వెనక్కి వాలిస్తే అడుగున పొడుగు కడ్డీలు రెండు, షటిల్ నడిపే ఇరుసు కనిపిస్తాయి. లోహం లోహాన్ని రాసుకునే ప్రతి చోటా సిరంజితో రెండు మూడు చుక్కలు వేయండి. తడపడం కాదు, చొరబడనివ్వడం. పదిహేను నిమిషాలాగి మళ్ళీ వేయండి. రాత్రంతా వదిలేయండి.

మర్నాడు చక్రాన్ని పై అంచు మీ వైపు వచ్చేలా మెల్లగా తోసి, వెంటనే వెనక్కి తోయండి. మిల్లీమీటరు ఆడినా చాలు, పని అయిపోయినట్టే. ఆ ఆట పెరిగేదాకా ముందుకూ వెనక్కూ ఊపుతూ, ద్రవం వేస్తూ ఉండాలి. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పాలని తొందరపడకండి. మూడు రోజులకూ ఆడకపోతే హెయిర్ డ్రయర్‌తో చేయి భాగాన్ని ఐదారు నిమిషాలు వేడి చేయండి, మడ్డి మెత్తబడుతుంది. కానీ కిరసనాయిలు, డబ్ల్యూడీ-40 తడి ఉన్నప్పుడు డ్రయర్ పెట్టకూడదు. ముందు పూర్తిగా తుడిచి, గాలి తగలనిచ్చి, తలుపులు తీసి, ఆ తర్వాతే వేడి. వేడి తగ్గాక మళ్ళీ ద్రవం.

ఎక్కడ పట్టిందో తెలియకపోతే ఒక్కో భాగాన్నీ వేలితో తాకి చూడండి. చక్రాన్ని ఊపుతున్నప్పుడు పై కడ్డీ కాస్త ఆడి, సూది కడ్డీ ఆడకపోతే జబ్బు రేకు మూత వెనక ఉంది. పైభాగమంతా ఆడి అడుగు కడ్డీలు ఆగిపోతే, ఆ కడ్డీల చివర్లలో మొన ఉన్న పెద్ద స్క్రూలు, వాటికి లాకు నట్లు ఉంటాయి. వాటి చుట్టూ ద్రవం వేయాలి. అక్కడ ఎవరో పూర్వం మరీ బిగించి ఉండొచ్చు. ఆ మొనల బిగింపు ఎలా ఉండాలంటే, కడ్డీని పక్కలకు ఊపితే ఆట ఉండకూడదు, తిప్పితే బరువుండకూడదు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, అందుకే స్క్రూడ్రైవర్‌తో దాన్ని పట్టుకుని నట్టు బిగించాలి.

చక్రం సాఫీగా తిరిగాక నల్లటి నీళ్ళు కారతాయి. గుడ్డతో తుడిచి, మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ తుడుపు. కారేది తేటపడేదాకా ఇదే. ఆ తర్వాత కిరసనాయిలు మిగలకుండా తుడిచి, ప్రతి చోటా మిషను నూనె ఒకటి రెండు చుక్కలు. ఈ మెట్టు వదిలేస్తే మిషను రెండు రోజులు గాల్లో తేలినట్టు నడిచి, మూడో రోజు కీచుమంటుంది. కిరసనాయిలు ఇరుసుల్లో ఉన్న చివరి నూనె చుక్కను కూడా కడిగేస్తుంది కాబట్టి పొడి లోహం మీద పొడి లోహం రాసుకుంటుంది.

నూనె పడకూడనివి కూడా ఉన్నాయి: బెల్టు, చక్రం మీద బెల్టు గాడి, బాబిన్ చుట్టే చిన్న చక్రానికి ఉన్న రబ్బరు రింగు, పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు. బెల్టుకు నూనె తగిలితే జారుతుంది. కాలు తొక్కుతూనే ఉంటుంది, మిషను ఆగిపోతుంది.

నల్ల రంగు, బంగారు పువ్వులు

పాత సింగర్ తలల మీద నల్ల పూత, దాని మీద బంగారు రంగు బొమ్మలు, ఆ పైన చపడా (లక్క వార్నిషు) పూత ఉంటుంది. చపడాకు స్పిరిట్ శత్రువు. శానిటైజర్, థిన్నర్, నెయిల్ పాలిష్ తీసేది, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం, ఇవేవీ వాడొద్దు. ఒక్క తుడుపుతో పువ్వులు వెండి రంగుకు తిరుగుతాయి, కొన్నిచోట్ల దూదితోపాటే ఊడి వస్తాయి. సబ్బు నీళ్ళతో కూడా నానబెట్టకూడదు. మిషను నూనెతోనే తడిపిన దూది, గుండ్రంగా, ఒత్తిడి లేకుండా, ఇదే మార్గం. ఓపిక పడుతుంది. కిరసనాయిలు లోపలికే, పువ్వుల మీదికి కారితే వెంటనే తుడిచేయండి. మీ తల మీద ముందు వెనక వైపు కనపడని మూల ఒకటి ఎంచుకుని పరీక్షించి, దూదికి రంగు అంటుతోందో లేదో చూసుకోండి. మరీ మెరిసేలా రంగు మళ్ళీ వేయించడం నాకైతే నచ్చదు. అరిగిన పువ్వులే ఆ మిషను ముఖం.

తుప్పు పట్టిన నికెల్ పూత భాగాలను, అంటే రేకు మూత, జారుడు పలక, స్క్రూలను విడిగా తీసి నిమ్మ ఉప్పు నీళ్ళలో వేయొచ్చు. లీటరు నీటికి 50 గ్రాములు. గంటకోసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడండి, రెండు నుంచి నాలుగు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే లోహమే తినబడి బూడిద రంగు గరుకు వస్తుంది. తీశాక వంట సోడా కలిపిన నీళ్ళలో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, నూనె పూయాలి, లేకపోతే అరగంటలో కొత్త తుప్పు లేస్తుంది. స్ప్రింగులు, సూది కడ్డీ, బాబిన్ కేసు దీనిలో వేయొద్దు. యాసిడ్ తగిలిన సన్న స్ప్రింగు తర్వాత ఏ రోజో ఉన్నట్టుండి తెగుతుంది. వాటికి నూనె, సన్న స్టీల్ ఊల్ చాలు. పొర లేచిపోతున్న నికెల్ భాగాలను కూడా నానబెట్టొద్దు, పొర ఇంకా ఊడుతుంది.

కుట్టు రావడం

ఇక్కడే చాలామంది నిరాశపడతారు. మిషను తిరుగుతుంది, కుట్టు రాదు, "టైమింగ్ (సూది, షటిల్ కలిసే సమయం) పోయింది" అని ఎవరో అంటారు, సూది కడ్డీ స్క్రూ విప్పుతారు, అప్పుడు నిజంగానే పోతుంది. ఆ స్క్రూ జోలికి పోవడానికి ముందు ఈ వరుసలో చూడండి.

కొత్త సూది పెట్టండి. మామూలు నూలు, బ్లౌజు గుడ్డకు 14 నంబరు, పలచటి గుడ్డకు 11, జీన్సు లాంటి మందపు గుడ్డకు 16. ఇంటి మిషన్లకు కాడ ఒకవైపు బల్లపరుపుగా ఉన్న సూది, దర్జీల పెద్ద మిషన్లలో కొన్నిటికి కాడ పూర్తిగా గుండ్రంగా ఉన్న సూది, పొడవూ వేరు. మిషనులో ఉన్న పాత సూదిని కొట్టుకు తీసుకెళ్ళండి. సూది ఏ వైపు తిప్పి పెట్టాలో మోడల్‌ను బట్టి మారుతుంది, కానీ నియమం ఒక్కటే. షటిల్ మొన సూది పక్కగా దాటే వైపు బల్లపరుపు ఉండాలి. పొడుగు గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి. తిప్పి పెట్టిన సూదికి కుట్టు ఒక్కటీ పడదు. మిగతా అంతా సరిగ్గా ఉన్నా పడదు.

దారం ఎక్కించేటప్పుడు పాదం పైకి లేపి ఉంచండి. అప్పుడే టెన్షన్ బిళ్ళలు విడివడి దారం లోపలికి జారుతుంది. కుట్టేటప్పుడు పాదం దించాలి. పాత మిషన్లలో టెన్షన్ మధ్యలో ఉండే సన్న పిన్ను తుప్పుతో ఇరుక్కుని, పాదం దించినా బిళ్ళలు విడివిడిగానే ఉండిపోతాయి. పై దారానికి అసలు పట్టే ఉండదు, గుడ్డ కింద దారం గుత్తులు గుత్తులుగా వస్తుంది. కింద గుత్తులు కనిపించగానే అందరూ బాబిన్‌ను తిడతారు. కింద గుత్తులు వస్తే లోపం దాదాపు ఎప్పుడూ పై దారంలోనే. టెన్షన్ నట్టు, స్ప్రింగు, బిళ్ళలు వరుసగా తీసి ఫోటో తీసి, బిళ్ళల లోపలి వైపు దూదితో తుడిచి, పిన్నును నూనె గుడ్డతో శుభ్రం చేసి పొడిగా తిరిగి పెట్టండి. పక్కనుండే సన్న తీగ స్ప్రింగు వంగి ఉంటే దాన్ని మార్చాల్సిందే, దొరుకుతుంది, ఖరీదు ఎక్కువుండదు.

బాబిన్ పట్టు చూడడానికి బాబిన్ కేసులో బాబిన్ పెట్టి దారం పట్టుకుని వేలాడదీయండి. తనంతట తాను జారి కింద పడితే వదులు. చేతిని చిన్నగా ఊపితే కొంచెం జారి ఆగాలి. ఆ పట్టు మార్చే స్క్రూ చాలా చిన్నది, పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి. బాబిన్ సరిగ్గా వచ్చాక దాన్ని వదిలేసి, మిగతా సర్దుబాటు పై నట్టుతోనే చేయండి. ముడి గుడ్డ మందంలో మధ్యకు రావాలి.

గుడ్డ జరగకపోతే పళ్ళ సందుల్లో గట్టిపడిన పీచు తీయండి, సూదితో గీకితే పలకలు పలకలుగా వస్తుంది. పళ్ళు అత్యంత పైకి వచ్చినప్పుడు పలక మీద ఒక పన్ను ఎత్తు కనపడాలి. కుట్టు పొడవు లివర్ సున్నా దగ్గర పట్టేసి ఉండడం కూడా మామూలే. దారం మాటిమాటికీ తెగుతుంటే పలక రంధ్రం అంచును గోటితో తడమండి. విరిగిన సూదులు చేసిన గీతలుంటాయి. 1000 నంబరు నీళ్ళ పేపరును (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) దారంలా చుట్టి రంధ్రంలోంచి లాగుతూ నునుపు చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా కుట్లు దాటుతుంటే, అప్పుడు టైమింగ్. చాలా తలల్లో సూది కడ్డీ మీద రెండు గీతలుంటాయి. సూది పూర్తిగా కింద ఉన్నప్పుడు పై గీత కడ్డీ దిగే బుష్ (గొట్టం) కింది అంచుకు తాకాలి. సూది పైకి లేవడం మొదలై కింది గీత అదే అంచుకు వచ్చినప్పుడు షటిల్ మొన సరిగ్గా సూది మధ్యకు రావాలి. గీతలు లేకపోతే, సూది అడుగు నుంచి సుమారు 2 మి.మీ. లేచేసరికి షటిల్ మొన సూది కన్నుకు కొంచెం పైగా, 1 నుంచి 1.5 మి.మీ. ఎత్తులో దాటాలి. మొన సూదిని తాకకూడదు, కాగితమంత సందే ఉండాలి. కన్ను కంటే కింద దాటుతోందంటే సూది కడ్డీ పైకి జారింది. అప్పుడే ఆ స్క్రూ.

పడవలా పొడుగ్గా ఉండే షటిల్, సన్న పొడుగు బాబిన్ ఉన్న మిషను మీదైతే ఈ టైమింగ్ మాటలు సరిగ్గా వర్తించవు. సింగర్ 28, 128 లాంటివి అవి. షటిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నడపడానికి హాయిగా ఉంటాయి, కానీ బాబిన్లు, షటిల్ పోతే వెతుక్కోవాలి. ఉన్నవి జాగ్రత్త.

స్టాండు, బెల్టు

తొక్కుడు మిషను బరువుగా నడుస్తోందంటే సగం తప్పు తలది కాదు, స్టాండుది. బెల్టు విప్పి పెద్ద చక్రం ఒక్కటే తొక్కి చూడండి. నాలుగైదు చుట్లు దానంతటదే తిరగాలి. లేకపోతే తొక్కుడు పలక రెండు చివరలా ఉన్న మొన స్క్రూలు, పెద్ద చక్రం ఇరుసు, నిలువు కడ్డీ పైనా కిందా ఉన్న కీళ్ళు కిరసనాయిలుతో కడిగి నూనె వేయండి. టకటక శబ్దం వస్తే నిలువు కడ్డీ కింది కీలు వదులు. ఊగుతోంటే వెనక ఏటవాలు కడ్డీల బోల్టులు బిగించండి.

తోలు బెల్టు గుండ్రంగా, 5 మి.మీ. మందంలో దొరుకుతుంది, తీగ క్లిప్పుతో వస్తుంది. చక్రాల చుట్టూ చుట్టి, ఒక రంధ్రం పొడిచి, క్లిప్పు బిగించండి. మరీ బిగువుగా కోస్తే ఇరుసులు అరిగి కాళ్ళు నొప్పెడతాయి, వదులైతే జారుతుంది. కొత్త తోలు సాగుతుంది కాబట్టి వారం తర్వాత వదులైతే కొంచెం కోసి మళ్ళీ బిగించుకోవడం మేలు. తొక్కడం ఎప్పుడూ చక్రం పై అంచు మీ వైపుకు తిరిగేలా. వెనక్కి తిరిగితే దారం షటిల్లో చుట్టుకుంటుంది. కొత్తవాళ్ళు దారం లేకుండా, పాదం పైకెత్తి, ఒక గంట తొక్కడం నేర్చుకుంటే చాలు.

మోటారు

పెట్టొచ్చు. తల వెనక, చక్రం పక్కన మోటారు బిగించే మర రంధ్రం చాలా తలల్లో ఉంటుంది. లేకపోతే తలకు రంధ్రం వేయించకండి, బల్లకు బిగించే రకం మోటారు దొరుకుతుంది. మోటారు తిరిగే దిశ చూసి కొనండి, చక్రం మీ వైపే తిరగాలి. బెల్టును వేలితో నొక్కితే సెంటీమీటరు దిగాలి. పాత మోటారైతే తీగల పైపూత వేలితో వంచి చూడండి, పగిలితే వాడొద్దు, తీగలు మార్పించండి. తల ఇనుముది, ఎర్త్ లేని మోటారు లీకైతే షాకు నేరుగా చేతికే. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా ఎర్త్ ఉన్న సాకెట్టు.

అయినా నా సలహా, మొదటి ఆరు నెలలు కాలితోనే తొక్కండి. మోటారు చిన్న లోపాన్ని కూడా నిమిషాల్లో పెద్దది చేస్తుంది. కాలితో నడిస్తే బరువు, శబ్దం మీకు ముందే తెలుస్తాయి. పడవ షటిల్ మిషనుకు మోటారు పెట్టనే పెట్టను.

టేబులు చేస్తే

నడవని తల ఉన్నా, నడిచే తల ఉన్నా, స్టాండు వాడుకోవచ్చు. తల వెనక కీళ్ళకు రెండు పిన్నులు, వాటిని పట్టి ఉంచే చిన్న స్క్రూలు అడుగున ఉంటాయి. వదులు చేస్తే తల ఎత్తి తీయొచ్చు. పది కిలోలకు పైనే ఉంటుంది, చక్రం పట్టుకుని ఎత్తకండి, ఇద్దరు పట్టుకోండి. ఆ తల నూనె పూసి, గుడ్డ చుట్టి దాచండి. స్టాండుకు పైన ఉన్న పాత రంధ్రాలే చాలు, కొత్తవి వేయక్కర్లేదు.

గ్రానైటు నేరుగా ఇనుము మీద పెట్టొద్దు. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కను స్టాండుకు బోల్టులతో బిగించి, దాని మీద సిలికాన్‌తో రాయి అంటించండి. 20 మి.మీ. మందం, 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు పలక 22 కిలోల దాకా తూగుతుంది, స్టాండు మోస్తుంది. కానీ వెడల్పు మరీ పెంచితే, అంచు మీద ఎవరైనా కూర్చుంటే తిరగబడుతుంది. స్టాండు కాళ్ళ వెడల్పు దాటి పక్కకు 15 సెం.మీ. మించి రాయి రానివ్వకండి. ఎత్తు కుర్చీ పెట్టి కొలుచుకుని చేయించండి. పిల్లలున్న ఇల్లయితే నిలువు కడ్డీ కింది కీలు విప్పి, తొక్కుడు పలకను కదలకుండా కట్టేయండి. తిరిగే చక్రంలో వేళ్ళు పడతాయి. స్టాండు రంగు గీకేటప్పుడు పొడిగా రుద్దొద్దు, పాత పెయింటులో సీసం ఉండొచ్చు. నీళ్ళ పేపరు తడిపి, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకుని రుద్దండి.

బల్ల చెక్క బాగుంటే నేను గ్రానైటు వేయను. పైపొర లేచిన చోట ఫెవికాల్ రాసి, బరువు పెట్టి ఒక రోజంతా వదిలితే అతుక్కుంటుంది. చెద ఉందేమో మాత్రం అడుగున తట్టి చూడండి, డొల్లగా మోగితే చెక్కకు ఆశ లేదు.

ఒక మాట పక్కకు. "పాత సింగర్‌లో ఎర్ర పాదరసం ఉంటుంది, లక్షలిస్తాం" అని ఎవరైనా ఫోను చేస్తే నమ్మకండి. 2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారు లేచి అక్కడ పాత మిషన్ల ధరలు ఆకాశానికి వెళ్ళాయి. అలాంటి పదార్థం ఏ కుట్టుమిషనులోనూ లేదు. అడ్వాన్సు అడిగేవాళ్ళు మోసగాళ్ళు.

తయారీ ఏడాది తెలుసుకోవాలంటే తల పళ్ళెం మీద కుడివైపు ఉన్న నంబరు చూడండి. సింగరైతే ముందు అక్షరం లేకుండా అంకెలే ఉంటే 1900కు ముందుది. అక్షరాలుంటే ఆ తర్వాతది. మోడల్ నంబరు చివర కె ఉంటే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో చేసింది. ఉషా అయితే 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన మిషన్ల వరుసది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చక్రం మధ్య నాబు పరీక్ష. దాని ఫలితం, తల పళ్ళెం మీది నంబరు, ఎడమ రేకు మూత తీసిన ఫోటో, తల వాల్చి అడుగు భాగం ఫోటో ఇక్కడ పెట్టండి. బాబిన్ గుండ్రమా, పొడుగా కూడా చెప్పండి. సూది కడ్డీ మీద గీతలున్నాయో లేదో ఫోటోలో కనపడకపోతే గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి, గీకొద్దు.